రోడ్డు పక్క బచ్చలిల్లు

మా బచ్చలిల్లును మా ఎద్దులే తినేసినాయి.

ఇల్లు అనే పేరే గానీ అది ఇల్లేమీ కాదు. దొడ్లో ఒక మూల నాలుగు గుంజలు పాతి, చుట్టూ జొన్న సొప్ప కట్టిన చాటు. మధ్యలో పీటంత రాయి. ఆ రాతి మీద కూర్చుని మా ఇంటి ఆడవాళ్ళం నీళ్ళు పోసుకునేవాళ్ళం. ఏటా పంట కోసినాక పాత సొప్ప విప్పేసి కొత్తది కట్టేవాళ్ళు. వానలు వరుసగా ఎగ్గొట్టినాక కొత్త సొప్ప రాలేదు. సొప్ప వామి కరిగిపోయింది. ఒకనాడు నాయన దొడ్లోకి వచ్చి, చాటులో నుంచి ఒక చేతెడు సొప్ప లాగి ఎద్దుల ముందు వేసినాడు. మర్నాడు ఇంకో చేతెడు. పోనుపోను మా చాటుకు కిటికీలు పడినాయి, తర్వాత తలుపులు పడినాయి, ఆఖరికి గుంజలు మిగిలినాయి.

"ఎద్దులు బతికితే చాటు మళ్ళీ కట్టుకోవచ్చులే" అన్నాడు నాయన. అది నిజమే.

అప్పటికీ పెద్ద ఇబ్బంది లేదు. మా ఇల్లు ఊరి చివరది. దొడ్డి వెనక అంతా బీడు. ఆ దిక్కు మనిషి వచ్చే పని లేదు. చిక్కంతా కరువు రోడ్డుతో వచ్చింది.

కరువు పని కింద కదిరి దోవకు కలిసేటట్లు రోడ్డు వేస్తామని వచ్చి, సరిగ్గా మా దొడ్డి వెనకనే తాడు పట్టినారు. మా అన్న తిమ్మన్న, వదిన రామక్క ఆ పనికే పోయేవాళ్ళు. అన్న మట్టి తవ్వితే వదిన తట్ట మోసి పోసేది. కూలికి జొన్నలు కొలిచేవాళ్ళు. ఆ జొన్నలే మా పొయ్యి మీదికి వచ్చేవి. మేస్త్రీ శ్రీరంగప్ప గట్టు మీద గొడుగు పట్టుకొని నిలబడి "ఇంగా ఎత్తాల, ఇంగా ఎత్తాల" అని అరిచేవాడు. ఎత్తు పెరిగితే పనీ పెరుగుతుందని అందరూ సంతోషంగా పోసినారు. రోడ్డు మా దొడ్డి గోడను దాటింది, గుంజలను దాటింది. అప్పటికి గానీ వదినకు తెలియలేదు, తాను నెత్తిన మోసి పోసిన మట్టి మీద నిలబడితే మా దొడ్లో ఏ మూల ఏముందో అంతా కనిపిస్తుందని.

ఆ తర్వాత వదిన నీళ్ళు పోసుకునేటప్పుడు నేను కంబళి పట్టుకొని నిలబడేదాన్ని. ఊళ్ళో ఉన్న బడి అయిపోయి ఇంట్లోనే ఉంటున్నాను కాబట్టి ఆ పని నాది. నాకు మనుషుల ముందు నోరు పెగలదు. ఎవరైనా "ఏం అంజనీ, బాగుండావా?" అని అడిగినా తల ఊపి తప్పుకుంటాను. కంబళి పట్టుకునేటప్పుడు మాట్లాడే పని లేదు. అది నాకు నచ్చింది.

కదిరి సంత రోజు. వదినకు అప్పటికి కడుపు బాగా కనిపిస్తోంది. రోడ్డు పని నుంచి ఒళ్ళంతా ఎర్రమట్టితో వచ్చింది.

"తెల్లారకముందే పోసుకోని పోయింటే ఈ తిప్పలు ఉండునా?" అని అమ్మ గొణిగింది.

"తెల్లారకముందు చెలిమ కాడ ఉంటిని కదత్తా. నీళ్ళు తెచ్చినాంకనే కదా పోసుకునేది" అంది వదిన. వంకలో ఇసుక తోడిన గుంట అది. గిన్నెతో ఒక్కొక్క గుక్కా ఎత్తి కుండ నింపాలి.

నేను కంబళి పట్టుకున్నాను. వదిన రెండు చెంబులు పోసుకుందో లేదో, రోడ్డు మీద సంత బండి వచ్చి ఆగింది. బండి తోలేవాడు నొగల మీద లేచి నిలబడినాడు.

"ఏమమ్మో! నీళ్ళు శానా ఉన్నట్లుండాయే! మా ఎద్దులకూ రెండు చెంబులు పొయ్యరాదా!"

"ఎద్దులకేలప్పా, మనకే పొయ్యమను" అన్నాడు వెనక కూర్చున్నవాడు. బండిలో వాళ్ళంతా గొల్లుమన్నారు.

నేను కంబళిని ఎంత ఎత్తగలనో అంత ఎత్తినాను. మునివేళ్ళ మీద లేచినాను. రోడ్డు నా చేతుల కంటే ఎత్తు.

వదిన ఏడవలేదు, తిట్టలేదు. చెంబులో మిగిలిన నీళ్ళను కింద పడనీయకుండా మళ్ళీ కుండలో పోసి, తడి చీర ఒంటికి చుట్టుకొని లోపలికి పోయింది.

"ఇంగ ఈడ నేను నీళ్ళు పోసుకోను" అంది.

ఆ మాట నిలబెట్టుకుంది. మట్టితో వచ్చి మట్టితోనే పండుకునేది. నీళ్ళు పోసుకోని మనిషి పొయ్యి దగ్గరికి రాకూడదని అమ్మ. రాను అని వదిన. ఇద్దరి మధ్యా సంగటి నేను కెలికేదాన్ని. అన్న ఇద్దరి ముఖాలూ చూసి బయటికి పోయేవాడు.

కొద్దిరోజులకు వదిన వాళ్ళ నాయన కుళ్ళాయప్ప మడకశిర దిక్కు నుంచి పురిటికి తీసుకుపోవడానికి వచ్చినాడు. ముందు కూతురి మెడ మీద మట్టి చూసినాడు, తర్వాత దొడ్లోకి పోయి గుంజలు చూసినాడు, తర్వాత తల ఎత్తి రోడ్డు చూసినాడు.

"బావా, పురుడు పోసి పంపేది నా పని. బచ్చలిల్లు కట్టేది నీ పని. అది లేచేదాకా నా బిడ్డ ఈ ఊరి పొలిమేర తొక్కదు" అన్నాడు.

నాయనకు కోపం వచ్చింది. "మా అమ్మ, మా అవ్వ అందురూ సొప్ప చాటునే పోసుకున్నారప్పా. వాళ్ళేమన్నా మనుషులు కారా?"

"సొప్ప యాడుండాదో చూపించు బావా. నేనే పోయి దాని చాటున నిలబడతా."

అన్నకు నవ్వొచ్చి పక్కకు తిరిగినాడు.

బయల్దేరే ముందు వదిన నన్ను దొడ్లోకి తీసుకుపోయి, పుల్లతో నేల మీద గీతలు గీసింది. "ఈడ వాకిలి. సీకాయి పెట్టుకునేకి గూడు ఈడ. రోడ్డు దిక్కు మాత్రం సందు కూడా ఉండకూడదు. పైన కప్పుండాల పాపా, లేకుంటే ఆకాశం మీద నుంచి చూసినట్లు చూస్తారు. కింద బండ ఉండాల. పసిబిడ్డను కాళ్ళ మీద ఏసుకోని బురదలో కూర్చుంటే ఇద్దురమూ జారిపోతాం." అంతా చెప్పి, పుల్ల నా చేతికిచ్చింది. "మీ అన్న మరిచిపోతాడు. నువ్వు గుర్తు పెట్టుకో."

అన్న మరిచిపోలేదు. రోడ్డు పని దిగినాక రోజూ చేని గట్ల నుంచి రాళ్ళు మోసుకొచ్చేవాడు. మా సీమలో రాయికి కొదవ లేదు. లేనిది బురద. గోడకు బురద కలపాలంటే నీళ్ళు కావాలి, తాగేకే చెలిమలో నీళ్ళు లేవు. అందుకని అన్న రాయికి రాయి కరిచేటట్లు ఒట్టి గోడ పేర్చినాడు. నేను ఎద్దుల పేడలో కంది పొట్టు పిసికి రాళ్ళ సందులకు కుక్కేదాన్ని. పేడలో తడి దానంతటదే ఉంటుంది కదా. వదిన గీసిన చోట గూడు వదిలినాము. పగిలిన తిరగలి చెక్కను మడమలు రుద్దుకునేకి మూలన పెట్టినాము. విరిగిన బండి అడుగు పలకలు జోడించి అన్న తలుపు చేసినాడు. తెగిన పగ్గాన్ని ముడులు వేసి, చీర వేసుకునేకి గోడ నుంచి గోడకు కట్టినాను. అమ్మ కూడా ఒకనాడు అడగకుండానే పాత కుండ మెడ తెచ్చి, "దీన్ని పైన పెట్టు. ఆవిరి పోతాది" అని ఇచ్చి, ఏమీ ఎరగనట్లు పోయింది.

గోడలు లేచినాయి. ఇంక రెండే కావాలి. కప్పు మోసేకి దూలాలు, కింద పరిచేకి బండ. రెండూ మా బావి దగ్గర ఉన్నాయి.

మాది కపిల బావి. ఎద్దులు పగ్గం లాగితే తోలు సంచి నిండా నీళ్ళు పైకి వచ్చి, ఒక పెద్ద నల్లబండ మీద కుమ్మరించుకునేవి. అక్కడి నుంచి కాలవ. గిలకను మోసేకి రెండు తుమ్మ దూలాలు. ఏటా వాటికి పసుపు పూసి గంగమ్మకు కాయ కొట్టేవాళ్ళం. నీళ్ళు అడుగంటి ఎన్నాళ్ళో అయినా, మా నాయన వీరప్ప రోజూ గిలకకు ఆముదం రాసేవాడు.

మా ఊళ్ళో బావి ఎండింది అని ఎవరూ అనరు. పండుకుంది అంటారు. "మీ బావి ఎట్లుండాది?" అంటే "పండుకోనుండాది" అనాలి. ఎండింది అని ఇంటివాళ్ళ నోటి నుంచి వచ్చిందంటే గంగమ్మ ఆ ఇంటిని వదిలిపోయినట్లే. మాట వచ్చినాక ఆ బావి మీద ఎవరూ ఎద్దులు కట్టరు. తప్పతాగినవాళ్ళు కూడా ఆ మాట అనగా నేను వినలేదు.

ఆ దూలాలు, బండ ఇమ్మని అన్న అడిగినాడు. నాయన ఒకటే మాట అన్నాడు. "అది లేచినాంక నీళ్ళు యాడ కుమ్మరించాల? నీ నెత్తినా?"

అక్కడ నాకు ఒక బాధ ఉంది. అన్నకు తెలియదు, అమ్మకు తెలియదు. నాయనా నేనూ రోజూ పొద్దున్నే బావికి పోయేవాళ్ళం. ఆయన లోపలికి దిగి గడారితో తవ్వేవాడు, నేను పైనుంచి తాడుతో మట్టి గంప లాగేదాన్ని. వదిన పుట్టింటికి పోయిన నెలలోనే ఒకనాడు గడారి ఖంగున మోగింది. నాయన పక్కకు జరిగి పొడిచినాడు. ఖంగు. ఇంకో మూల. ఖంగు. బావి నేలంతా ఒకే బండ, సందు లేని బండ. చాలాసేపు లోపలే కూర్చున్నాడు. పైకి వచ్చినాక నా ముఖం చూడకుండా, "ఇంట్లో చెప్పొద్దు పాపా" అన్నాడు.

నేను చెప్పలేదు. ఆ తర్వాత కూడా రోజూ పోయేవాళ్ళం. ఆయన దిగేవాడు కాదు. గట్టు మీద కూర్చుని గిలకకు ఆముదం రాసేవాడు. నేను ఖాళీ గంప పక్కన కూర్చునేదాన్ని. సద్ది తిని, చేతులు మట్టి చేసుకొని ఇంటికి వచ్చేవాళ్ళం.

వదినకు ఆడపిల్ల పుట్టిందని కబురు వచ్చింది. అన్న పోయి చూసి వచ్చినాడు. వచ్చినప్పటి నుంచి అన్నం సరిగా తినలేదు. ఆ సాయంకాలం అందరం సంగటి ముందు కూర్చున్నప్పుడు చెప్పినాడు.

"ఉగాది దాటినాంక వాళ్ళందురూ మైసూరు సీమకు కాఫీ తోటల పనికి పోతాండారు. రామక్కనూ పిల్లనూ తీసుకపోతారంట."

"తీసుకపోతే? మళ్ళా రారా?" అంది అమ్మ.

"పోయినోళ్ళు ఎవురొచ్చినారమ్మా? వాళ్ళ పెద్దోడు పోయి ఎన్నేండ్లాయ, వచ్చినాడా?" అన్న తన గిన్నెను పక్కకు నెట్టినాడు. "బచ్చలిల్లు అయిపోయిందా అని అడిగింది. గోడలు లేచినాయంటి. పైన కప్పు, కింద బండ లేంది ఎట్ల అయిపోయినట్ల అనింది. పిల్లనెత్తుకోని ఆ రోడ్డు కింద నిలబడను అనింది. నాయనా, ఆ రెండు దూలాలు, ఆ బండ ఇయ్యి. నీ కాళ్ళు పట్టుకుంటా."

నాయన సంగటి ముద్దను చాలాసేపు చేతిలోనే తిప్పినాడు.

"బావి పండుకోనుండాది తిమ్మన్నా. ఇంగో గజం తవ్వితే లేస్తాది. బచ్చలింటి కోసమని దాని నోట్లో మట్టి కొట్టమంటావా?"

"యెప్పుడు లేస్తాది?"

"లేస్తాది."

"లేయదు" అన్నాను.

అది నా గొంతేనని నాకే తెలియలేదు. అందరూ నా వైపు చూసినారు. నాకు చెవులు మండినాయి. వదిన చేతిలో పిల్ల ఎట్లుంటుందో నేను చూడలేదు. చూడకుండానే మైసూరుకు పోతుందన్న ఆలోచన ఒక్కటే నా తలలో ఉంది.

"అడుగున అంతా బండే అన్నా. గడారి దిగదు. ఇంగ మన బావి..."

అమ్మ ఎంగిలి చేత్తోనే నా నోరు మూసింది. "ఇంట్లో దీపం పెట్టే పొద్దుకు ఏం మాటలే అవి, నీ నోరు పడిపోను!" అని వీపు మీద ఒకటి వేసింది. కానీ మాట సగానికి పైగా వచ్చేసింది. మిగిలింది ఎవరికి వారే పూర్తి చేసుకున్నారు.

అన్న నాయనను చూసినాడు. "నిజమేనా?"

నాయన చేతిలోని ముద్దను తిరిగి గిన్నెలో పెట్టి, చెయ్యి కడుక్కోకుండా లేచిపోయినాడు. పోయేటప్పుడు నన్ను చూడలేదు. తిట్టినా బాగుండేది.

మర్నాడు పొద్దున ఎప్పటిలాగే బావికి బయల్దేరినాడు. నన్ను పిలవలేదు. నేను వెనక నడిచినాను. అన్న గొడ్డలి తీసుకొని వచ్చినాడు. "నువ్వు ముట్టుకోవద్దు" అన్నాడు నాయన. అన్న గొడ్డలి కింద పెట్టినాడు.

నాయన ఒక్కడే విప్పినాడు. ముందు పగ్గం చుట్ట చుట్టినాడు. తర్వాత గిలక దించి, పై గుడ్డలో మూట కట్టినాడు. దూలాలకు అంటిన పసుపును అరచేత్తో తుడిచి, ఆ చెయ్యి ఎక్కడ తుడుచుకోవాలో తెలియక చాలాసేపు అట్లే పట్టుకున్నాడు. దూలాలు పెరికి పడుకోబెట్టినాక బండ దగ్గరికి వచ్చి గడారి కింద దూర్చినాడు. నేను ఒక పక్క పట్టుకోబోయినాను.

"తేలుంటాది. చూసి పట్టు" అన్నాడు.

ఆ రెండు రోజుల్లో నాతో అన్నది అదొక్కటే.

బండను ఎద్దులతో ఈడ్పించుకొని వచ్చి బచ్చలింట్లో పరిచినారు. ఏండ్లకొద్దీ నీళ్ళు పడి దాని నడుమ నున్నగా, చిన్న గుంటగా ఉంది. అన్న నీళ్ళు బయటికి పోయేకి గోడ కింద తూము వదిలినాడు. దూలాల మీద ఈత చాపలు, వాటి మీద రాళ్ళు. రోడ్డు మీద నిలబడి చూసి వచ్చినాడు. "ఏమీ కనపడల్యా. గుడి మాదిరి ఉండాది" అన్నాడు. నాయన అక్కడే ఉండి వినీ విననట్లు ఊరుకున్నాడు.

అన్న ఆ సాయంకాలమే మడకశిర బస్సు ఎక్కినాడు.

నాయన ఆ వారమే శ్రీరంగప్ప దగ్గరికి పోయి రోడ్డు పనికి పేరు చెప్పుకున్నాడు. అంతవరకు ఆయన కూలికి పోలేదు. "బావి ఉన్నోడివి, నీకేం కర్మ వీరప్పన్నా?" అని శ్రీరంగప్ప నలుగురిలో అడిగినాడంట. నాయన "తట్ట యాడుండాదో చూపించు" అన్నాడంట. ఆ రోజు నుంచి పొద్దున బావి దోవ పట్టే మనిషి, పార భుజాన వేసుకొని దొడ్డి గుండా రోడ్డు ఎక్కేవాడు.

ఒకనాడు పొద్దున్నే వదిన వచ్చింది. పిల్లను అమ్మ చేతిలో పెట్టి, ముందు దొడ్లోకే పోయింది. తలుపు తీసి గూడు చూసింది, తిరగలి చెక్క చూసింది, పైకి చూసి నవ్వింది. కిందికి చూసి నవ్వు ఆపింది.

"ఇది బావి కాడి బండ కదా?"

"ఊఁ" అన్నాను.

"మామ ఇచ్చినాడా?"

తల ఊపినాను. వదిన వంగి బండను ముట్టి, వేళ్ళు కళ్ళకద్దుకుంది. చాలాసేపు గడప బయటే నిలబడింది. తర్వాత పొద్దెక్కుతోందని అమ్మ అరిస్తే లోపలికి పోయి తలుపు వేసుకుంది.

నేను అలవాటు చొప్పున కంబళి తెచ్చుకున్నాను. పట్టుకునే పని లేక భుజాన వేసుకొని నిలబడినాను. నాయన పార, తట్ట తీసుకొని పనికి బయల్దేరి అప్పుడే దొడ్లోకి వచ్చినాడు. లోపల మొదటి చెంబు పడింది. తూము నుంచి మట్టి రంగు నీళ్ళు బయటికి వచ్చి నేల మీద తోవ వెతుక్కున్నాయి.

నాయన ఆగినాడు. తట్ట కింద పెట్టినాడు. పారతో ఒక పక్క మట్టి తీసి, ఇంకో పక్క అడ్డం వేసినాడు. నీళ్ళు తిరిగినాయి. రెండడుగులు పోయినాక అక్కడ ఇంకో మడవ వేసినాడు. మళ్ళీ తిరిగినాయి. చేనిలో మళ్ళకు నీళ్ళు కట్టేటప్పుడు ఎట్లా వంగి, ఎట్లా కాలితో మట్టిని అదిమేవాడో అట్లే చేసినాడు.

అమ్మ పిల్లను ఎత్తుకొని వాకిట్లోకి వచ్చింది. "ఆడేముండాదని తిప్పుతాండావు? ఒక మొక్కన్నా లేదే!"

నాయన తల ఎత్తలేదు. లోపల వదిన పోసుకున్నంతసేపూ ఒక్కొక్క చెంబు నీళ్ళనూ ఒట్టి నేల మీద ఈ పక్కకు, ఆ పక్కకు పారించినాడు. నీళ్ళు రావడం ఆగినాక, తడి ఇంకిపోయేదాకా చూసినాడు. పారకు అంటిన బురదను బొటనవేలితో తీసేసి, తట్ట నెత్తిన పెట్టుకొని రోడ్డు ఎక్కినాడు.